నాలుగు దేశాల ఉమ్మడి బాధ్యత

నాలుగు దేశాల ముద్రలు ఒక కాగితం మీద ఏ వరుసలో రావాలో తేల్చడానికి మాకు ఐదు నెలలు పట్టింది. పెంచి చెప్పడం లేదు. అక్షరక్రమంలో వేద్దామంటే ఇంగ్లీషు అక్షరాలా, తెలుగు అక్షరాలా అన్నారు. విస్తీర్ణం ప్రకారం అంటే చిన్న దేశం అలిగింది. పోనీ గుండ్రంగా వేద్దామని నేనంటే, గుండ్రంలో పైన ఎవరుంటారని అడిగారు! పర్యాటక కార్యాలయంలో ఉద్యోగం అనగానే రంగుల పుస్తకాలు, ఏసీ గది, నవ్వు ముఖాలు అనుకుని వచ్చే పిల్లలకు ఈ సంగతి ముందే తెలియాలని రాస్తున్నాను. నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఏ సర్క్యులర్‌కు ఏం జవాబిచ్చానో మీకు అనవసరం. ఒక పోస్టరు సంగతి చెబుతాను. అందులో ఉన్న తెలుగు నాది.

అసలు మా పని ఏమిటి

ప్రతి దేశానికీ ఒక పర్యాటక కార్యాలయం ఉంటుంది. అది వీసాలిచ్చేది కాదు, టికెట్లు అమ్మేది కాదు. మా దేశం బాగుంటుంది, రండి అని పిలిచేది. ఇంతే. ఈ ముక్క నా సర్వీసంతా చెప్పాను. విన్న ప్రతి మనిషీ బుద్ధిగా తల ఊపి, "అయితే వీసా ఎన్ని రోజుల్లో ఇస్తారు మేడమ్?" అని అడిగాడు.

తొంభైల్లో విదేశాల పెద్ద ఆఫీసులన్నీ బొంబాయిలో ఉండేవి. హైదరాబాదులో నాలుగు దేశాల తరఫున ప్రచారం చేసే పని ఒక చిన్న కంపెనీకి అప్పగించారు. నారాయణగూడలో టైపు ఇన్‌స్టిట్యూట్ పైన రెండు గదులు. కింద యాభై మిషన్లు ఒకేసారి టకటకమంటుంటే, పైన నేను ఫోన్లో ప్రశాంతమైన సముద్ర తీరాల గురించి గొంతు చించుకునేదాన్ని. మా యజమాని రంగారావు గారు. ఉద్యోగిని నేను ఒక్కదాన్నే. దేశాల పేర్లు ఇక్కడ రాయను. ఫైళ్ల రంగుల్ని బట్టి మేం వాటిని నీలం, పచ్చ, ఎరుపు, పసుపు అనేవాళ్లం. నీలం ఫైలుది సముద్రాల దేశం. మన ఊరి నుంచి ఎక్కువమంది వెళ్లేది అక్కడికే.

ఈ నాలుగూ ఒకదానికొకటి పోటీ. ఒకరి ప్రదర్శనకు వంద కుర్చీలు వేస్తే రెండోవారు నూట పది వేయమనేవారు. అలాంటివాళ్లను కలిపి ఒక మంచి పని చేయించాలని బొంబాయిలో ఎవరికో బుద్ధి పుట్టింది. బాధ్యతగా ప్రయాణించమని జనానికి నాలుగు దేశాలూ కలిసి చెప్పాలట. ఆలోచన మంచిదే, నేనిప్పటికీ కాదనను. నలుగురు వేర్వేరుగా చెబితే ఒక్కరి మాటా ఎవరూ వినరు. కలిసి చెబితే బలం ఉంటుంది. కానీ కలిసి చెప్పడమంటే కలిసి కూర్చుని టీ తాగడం అనుకున్నారు మావాళ్లు.

పులిహోర గొడవ

ఇదంతా ఎందుకు మొదలైందో చెప్పాలి. చిక్కడపల్లి నుంచి పాతికమంది పెద్దవాళ్లు బృందంగా నీలం దేశం వెళ్లారు. వెళ్లేముందు మా ఆఫీసుకొచ్చి మూడు గంటలు కూర్చున్నారు. ఆవకాయ తీసుకుపోవచ్చా, పెరుగు దొరుకుతుందా, బాత్రూంలో చెంబు ఉంటుందా. అన్నిటికీ జవాబు చెప్పాను. ఒక్కటి అడగలేదు, నేనూ చెప్పలేదు. హోటలు గదిలో కాయిల్ స్టవ్వు పెట్టుకోవచ్చా అని.

మూడో రోజు పొద్దున పులిహోర తాలింపు వేశారు. ఎండుమిర్చి ఘాటుకు పొగ గంట మోగింది. ఏడంతస్తుల హోటలు ఖాళీ అయింది. తువ్వాళ్లు చుట్టుకుని జనం రోడ్డు మీద నిలబడ్డారట. మా చిక్కడపల్లి పెద్దమ్మ ఒకావిడ గిన్నె కూడా చేత పట్టుకుని దిగిందట, మాడిపోతుందని.

హోటలు వాళ్లు మండిపడి బొంబాయికీ, మాకూ ఉత్తరం రాశారు. అది చదివి నాకు కోపం వచ్చింది, ఇద్దరి మీదా వచ్చింది. గదిలో పొయ్యి వెలిగించడం తప్పే. కానీ ఆ హోటల్లో మూడు రోజులుగా శాకాహారులకు పెట్టింది రొట్టె, దోసకాయ ముక్కలు. డెబ్బై ఏళ్ల మనిషి ఎన్నాళ్లు తింటుంది దోసకాయ? ఇదే మాట ఉమ్మడి సమావేశంలో అన్నాను. బాధ్యత అంటే వెళ్లినవాళ్లది ఒక్కటే కాదు, పిలిచినవాళ్లది కూడా అన్నాను. వేడి అన్నం పెట్టే హోటళ్ల జాబితా ఒకటి కూడా వేద్దాం అన్నాను. నాలుగు దేశాల ప్రతినిధులూ నోట్‌బుక్కుల్లో రాసుకున్నారు. ఆ జాబితా ఇప్పటిదాకా రాలేదు.

మాట వెతుకులాట

ఇంగ్లీషు పోస్టరు బొంబాయిలో తయారైంది. పైన పెద్ద అక్షరాల్లో బాధ్యతగా ప్రయాణించండి అన్న అర్థం. పగడపు దిబ్బలు విరవొద్దు, గుడుల్లో ప్రార్థనాస్థలాల్లో అక్కడి పద్ధతి పాటించండి, నీళ్లు వృథా చేయొద్దు, గదుల్లో వంట వద్దు. అడుగున, ఇది నాలుగు దేశాల పర్యాటక కార్యాలయాల జాయింట్ ఇనీషియేటివ్ అని ఒక లైను. తెలుగు చేసే పని నా నెత్తిన పడింది.

నేనొక సూచన చేశాను. టూరిస్టు వీసా మీద వెళ్లి పని చేయకూడదు, చేస్తే జైలు అని ఒక లైను పెడదామని. మా ఆఫీసు మెట్ల మీద అప్పటికే రకరకాల మనుషులు కనబడుతున్నారు. పాలమూరు నుంచి వచ్చి ఇళ్లు కట్టే కూలీలు, మేస్త్రీలు, వాళ్ల వెంట బ్యాగు పట్టుకున్న ఏజెంట్లు. మా రంగుల పుస్తకాలు కట్టలకొద్దీ అడిగి పట్టుకుపోయేవారు. నాకు అనుమానం వచ్చింది. కానీ నీలం దేశం ప్రతినిధి అది రాయబార కార్యాలయం పని అన్నాడు. పసుపు దేశం ఆవిడ జైలు అనే మాట పోస్టరులో ఉంటే ఎవరొస్తారు అంది. నేను ఒకసారి చెప్పి ఊరుకున్నాను. రెండోసారి చెప్పలేదు. అది నా మొదటి తప్పు.

రెండోది ఆ అడుగు లైను. జాయింట్ ఇనీషియేటివ్‌ను తెలుగులో ఏమనాలి? ఉమ్మడి చొరవ అని రాశాను. రంగారావు గారు ముఖం చిట్లించారు.

"చొరవ ఏందమ్మా సుగుణా? చొరవ జేస్తున్నడు అంటె మా ఇంట్ల పిలగాండ్లను తిడ్తరు. నాలుగు గవర్నమెంట్లు మీద మీద పడ్తున్నట్టుంది. మార్చు."

ఉమ్మడి కృషి అన్నాను. వ్యవసాయం లాగా ఉందన్నారు. ఉమ్మడి ప్రయత్నం అంటే, ప్రయత్నమంటే ఇంకా చేతకాలేదని అర్థమొస్తుందన్నారు. తల ప్రాణం తోకకొచ్చింది. అశోక్ నగర్‌లో పోటీ పరీక్షల పిల్లలకు తెలుగు చెప్పే నర్సింహాచారి గారి దగ్గరికి కాగితం పట్టుకుపోయాను. ఆయన టీ కొట్టు ముందు నిలబడే చదివి, కళ్లజోడు తీసి అన్నారు.

"బాధ్యతాయుత ప్రయాణమా? ఎవలకు సమజైతదమ్మా ఇది? పద్ధతిగ పోయి రాండ్రి అని రాయి. సాలు. కింద లైను తీసెయ్యి. ఎవలు జేయిస్తున్నరో జనానికెందుకు?"

ఎంత మంచి మాట చెప్పారు! కానీ నాకప్పుడు నచ్చలేదు. నాలుగు ప్రభుత్వాల ముద్రల కింద 'పోయి రాండ్రి' ఏమిటి, నామోషీ అనిపించింది. ఇంటికొచ్చి నేనే రాశాను. పైన 'బాధ్యతాయుత ప్రయాణం'. అడుగున 'మీ ప్రయాణం – నాలుగు దేశాల ఉమ్మడి బాధ్యత'. రంగారావు గారికి తెగ నచ్చింది. ముద్రలకే సగం పోస్టరు పోయింది కాబట్టి పగడపు దిబ్బలూ, నీళ్లూ, వంటా చీమ తలకాయంత అక్షరాల్లోకి దిగాయి. అల్లంత దూరం నుంచి కనబడేవి నాలుగు ముద్రలు, ఒక నీలి సముద్రం, నా రెండు వాక్యాలు.

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ గోడల నిండా అంటించారు. బస్సులో పోతూ చూసుకుని నేను పొంగిపోయాను కూడా.

బాలమ్మ

మూడు నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం ఒకామె మెట్లెక్కి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. కాళ్లకు సిమెంటు మరకలు. చేతిలో మా పోస్టరు. గోడ నుంచి పెరికి తెచ్చినట్టుంది, వెనక సున్నం పెచ్చు ఇంకా అంటుకునే ఉంది. దాన్ని నా బల్ల మీద పరిచింది.

"మేడమ్, గీ కాయితం మీదేనా?"

"మాదే. ఏం కావాలమ్మా?"

"మా ఇంటాయన ఏడున్నడో జెప్పున్రి."

కూర్చోబెట్టి నీళ్లిచ్చి అడిగితే మెల్లగా చెప్పింది. పేరు బాలమ్మ. భర్త యాదయ్య, మేస్త్రీ. పాలమూరు నుంచి వచ్చి బాగ్ లింగంపల్లి వెనక బస్తీలో ఉంటున్నారు. అశోక్ నగర్‌లో హాస్టళ్ల గోడలు చాలావరకు ఆయన కట్టినవే. ఏజెంటు ఒకడు నీలం దేశంలో పని ఇప్పిస్తానని నెలల తరబడి వెంటపడ్డాడు. యాదయ్య ఒప్పుకోలేదు.

"పోనంటె పోనన్నడు మేడమ్. అప్పుడు గా ఏజెంటు గోడ కాడికి తోల్కపోయి గిది సదివి ఇనిపిచ్చిండు. సూడు, నాలుగు సర్కార్లు జిమ్మేదారి తీస్కున్నయ్, ముద్రలు గూడ ఏసిన్రు, ఇంగ నీకు పరేషాన్ ఏంది అన్నడు. ఇగ మా ఆయన సదువుకున్నోళ్లు ఉత్తగ రాస్తరా అన్నడు. పోయిండు."

పోస్టరును మళ్లీ చదువుకున్నాను. ఏజెంటు అబద్ధం చదవలేదు. ఉన్నదున్నట్టు చదివాడు. పుట్టినప్పటి నుంచి ఈ జనం బస్సులో, రైల్లో, సత్రంలో, ఎక్కడ చూసినా 'మీ సామాను బాధ్యత మీదే' అన్న బోర్డులే చదువుతూ, వింటూ వచ్చారు. బాధ్యత మాది అని ఒక్కడూ ఎప్పుడూ రాయలేదు. మొదటిసారి రాసింది నేను. అదీ నాలుగు ప్రభుత్వాల ముద్రలు వేసి.

"ఎనిమిది దినాలైంది మేడమ్, పోలీసులు కట్టుడు కాడికెళ్లి పట్కపోయిన్రట. వాపసొచ్చినాయన జెప్పిండు. బువ్వ తింటున్నడో లేదో. మీరే జిమ్మేదారి గద. తెప్పియ్యున్రి."

అరిచి ఉంటే బాగుండేది. చాలా మర్యాదగా, రేషను షాపులో రావలసిన బియ్యం అడిగినట్టు అడిగింది. ఆమె దగ్గర యాదయ్య పాసుపోర్టు జిరాక్సు ఉంది. అది నా డ్రాయరులో పెట్టుకుని, రేపు రమ్మని పంపాను.

ఒక్క పూటలో కుదిరిన ఏకాభిప్రాయం

బొంబాయికి ఫ్యాక్సు కొట్టాను. మా తెలుగు తప్పు వల్ల ఒక మనిషి మోసపోయాడు, నీలం దేశం ఇమిగ్రేషన్ వాళ్లకు పర్యాటక కార్యాలయం నుంచి ఒక్క ఉత్తరం రాయండి, మిగతా ముగ్గురూ సంతకం పెడితే ఇంకా బలం అని. నాలుగు దేశాలు కలిసి చేయదగ్గ పని అంటూ ఉంటే ఇదే అనుకున్నాను. పిచ్చిదాన్ని.

మర్నాడు పొద్దున్నే జవాబు వచ్చింది. ముద్రల వరుసకు ఐదు నెలలు తీసుకున్నవాళ్లు, ఒక్క పూటలో ఉమ్మడి ఉత్తరం తయారు చేశారు. ప్రయాణికుల ప్రవర్తనకు, వీసా ఉల్లంఘనలకు మా కార్యాలయాలు ఏ విధంగానూ బాధ్యత వహించవు అని. నాలుగు సంతకాలు. వరుస గురించి ఎవరూ మాట్లాడలేదు! తెలుగు పోస్టర్లు వెంటనే తీసేయించాలి, పాఠం తయారుచేసిన ఉద్యోగి సంజాయిషీ ఇవ్వాలి అని కింద ఒక లైను.

ఒళ్లు మండిపోయింది. కాగితం తీసుకుని రంగారావు గారి గదిలోకి వెళ్లాను.

"సార్, అతను అక్కడ లాకప్పులో ఉన్నాడు."

"సుగుణా, జర సమజ్ చేస్కో. మన పని పిలుచుడు. విడిపించుడు కాదు. ఉత్తరం రాస్తే తప్పు ఒప్పుకున్నట్టే. నాలుగు ఫైళ్లు పోతయ్. నువ్వు, నేను కోఠిల పుస్తకాలమ్ముకోవాలె."

"తప్పు నిజంగానే మనది కదా సార్."

ఆయన ఫోను ఎత్తి ఎవరితోనో మాట్లాడడం మొదలుపెట్టారు. అవతల ఎవరూ లేరని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. రంగారావు గారు చెడ్డవారు కాదు. భయస్థుడు. మీకు దొరికే బాసుల్లో ఎక్కువమంది ఇలాగే ఉంటారు. వాళ్ల మీద కోపం తెచ్చుకుంటూ కూర్చుంటే పని ఆగిపోతుంది.

ఆ మధ్యాహ్నం ఆఫీసు లెటర్‌హెడ్ మీద నేనే ఉత్తరం టైపు చేశాను. తెలుగు పాఠం నాది, అది తప్పు, చదివిన ఎవరైనా ప్రభుత్వాలు హామీ ఇస్తున్నాయనే అనుకుంటారు, ఈ మనిషి దాన్ని నమ్మి వచ్చాడు, శిక్ష వేయకుండా ఇంటికి పంపండి అని. పోస్టరు, నా ఇంగ్లీషు అనువాదం, పాసుపోర్టు జిరాక్సు జత చేశాను. నీలం దేశం ఇమిగ్రేషన్ నంబరు మా గైడు పుస్తకం వెనక పేజీలోనే ఉంది. అక్కడి మన రాయబార కార్యాలయానికీ పంపాను. ఉద్యోగం పోతే మా ఇంట్లో మరో ఆధారం లేదు. ధైర్యంతో చేశానని చెప్పను, సాయంత్రం బాలమ్మ వస్తుందన్న భయంతో చేశాను.

పోస్టర్లు చించే పనికి మనుషుల్ని పెట్టమన్నారు గానీ నేనే బయల్దేరాను. ఉత్తరం సంగతి విని బాలమ్మ తోడొచ్చింది. చిక్కడపల్లి నుంచి అశోక్ నగర్ దాకా గోడ గోడకూ తాపీతో గీకుతూ వెళ్లాం. నా గోళ్లు విరిగాయి. ఆమె మాత్రం ఒక్క గీకుతో అంచు నుంచి అంచుకు లేపేసేది. కోచింగ్ సెంటరు ముందు కుర్రాళ్లు గుమిగూడారు.

"ఏంది మేడమ్, నోటిఫికేషన్ క్యాన్సిలైందా?" అన్నాడొకడు.

"అయింది నాయనా, చదువుకో పో" అన్నాను విసుగ్గా.

బాలమ్మ నవ్వింది. ఆ రోజుల్లో ఆమె నవ్వగా చూడడం అదొక్కసారే.

నేను ఉత్తరం రాసిన సంగతి పదిరోజుల్లో బయటపడింది. రాయబార కార్యాలయం వాళ్లు జవాబు ప్రతి ఒకటి బొంబాయికి కూడా పంపారు మరి. రంగారావు గారు ఎగిరారు. "నౌకరి ఖతం జేస్కుంటవా?" అని గదంతా తిరిగారు. కానీ బొంబాయి వాళ్లు ఫోను చేసినప్పుడు, పాపం కొత్త పిల్ల, తెలియక రాసిందని చెప్పారు. అప్పటికి నేను పదకొండేళ్ల పాత పిల్లను. నా దగ్గర్నుంచి నీలం ఫైలు తీసేసుకున్నారు. ఉద్యోగం మిగిలింది.

పిల్లలూ, మీకు చెప్పవలసింది ఇదే. నలుగురు కలిసి బాధ్యత అని రాసినప్పుడు, అందులో మీ వంతు ఎంతో అడగండి. అడిగితే ఎవరూ చెప్పరు. అప్పుడు ఆ కాగితం మీద ఆ మాట రాయకండి.

యాదయ్య

నెలన్నర తర్వాత యాదయ్యను తిప్పి పంపారు. నా ఉత్తరం వల్లనో, లాకప్పులో చోటు చాలకనో నాకు తెలియదు. మళ్లీ ఆ దేశంలో అడుగు పెట్టకూడదని పాసుపోర్టు మీద ముద్ర కొట్టారు. ఒకరోజు బాలమ్మ ఆయన్ను వెంటబెట్టుకుని వచ్చింది. మనిషి సగమయ్యాడు. తిడతాడని నేను సిద్ధపడి కూర్చున్నాను. తిట్టలేదు. కుర్చీ అంచున కూర్చుని గదంతా చూశాడు. గోడ మీద నీలం దేశం క్యాలెండరు ఉంది. తెల్ల ఇసుక, కొబ్బరిచెట్లు, నీలి నీళ్లు. దాన్ని చూస్తూ అడిగాడు.

"మేడమ్, ఒక మాట అడగాల్నా?"

"అడుగు యాదయ్యా."

"బస్తీల అందరు పరేషాన్ జేస్తున్రు. టూరిస్టు వీసా మీద పోయినవ్ గద, ఏం జూసినవ్, సముద్రం ఎట్లుంటది అని. నేను గోడలు జూసిన. ముందుగాల కట్టుడు గోడలు, ఎన్కసిరి జైలు గోడలు. అందర్కి ఏం జెప్పాలె? మీరు జర జెప్పున్రి, గా సముద్రం ఎట్లుంటది? నిజంగ గట్ల నీలంగనే ఉంటదా?"

చెప్పడానికి నోరు తెరిచాను. ఆ సముద్రం గురించి ఎన్ని కరపత్రాలు రాశానో, ఎన్ని సభల్లో మాట్లాడానో. ఉదయం పూట ఏ రంగులో ఉంటుందో, సాయంత్రం ఎలా మారుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ వాక్యాలన్నీ నోటి దాకా వచ్చాయి. ఆ మనిషి ముఖం చూశాక ఒక్కటీ బయటికి రాలేదు. ఆ దేశం వాళ్లు మా కంపెనీకి ఏటా ఇచ్చే ఉచిత ప్రయాణం ఒక్కటే. అది ఏటా రంగారావు గారిదే.

"నాకు తెలియదు యాదయ్యా. నేనెప్పుడూ పోలేదు."

ఆయన క్యాలెండరు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. కోపం లేదు. నిజంగా అర్థం కాక అడిగాడు.

"అయితే, పోకుండనే రాసిన్రా మేడమ్?"

"రాశాను" అన్నాను.